జ్వరానికి నూటరెండు, ఎండకి నలభైనాలుగు

(నెల్లూరు జిల్లా తీరప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయంలో, పిల్లల వేసవి శిబిరంలో విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండయ్యా, ఫ్యాను కింద బెంచీ ఖాళీగానే ఉంది. పిల్లలూ, కొంచెం జరిగి పెద్దవాళ్ళకి చోటియ్యండి. మీ ఇళ్ళల్లో ఉన్న జ్వరం థర్మామీటర్లు తెమ్మని మొన్న కబురు చేయించాను. తెచ్చినవాళ్ళు దగ్గర పెట్టుకోండి, చివర్లో వాటితో పనుంది.

ముందొక ప్రశ్న. నిన్న మనకి ఎండ ఎంత కాసింది? నలభైనాలుగు. సరే. ఇంట్లో బిడ్డకి జ్వరం గట్టిగా వస్తే ఎంతుంటుంది? నూటరెండు, నూటమూడు అంటున్నారు. చూడండి, ఇంతమందిలో ఒక్కరు కూడా నలభైనాలుగు పక్కన సెల్సియస్ అని గానీ, నూటరెండు పక్కన ఫారెన్‌హీట్ అని గానీ అనలేదు. అనాల్సిన అవసరమే పడలేదు. ఎండకి ఒక లెక్క, ఒంటికి ఇంకో లెక్క అని మనకి చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది. మన దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతిని పెట్టింది. వీశెలు, మణుగులు, మైళ్ళు, ఫర్లాంగులు ఒక్కొక్కటే వాడుకలోంచి పోయినాయి. ఎండ సెల్సియస్‌లోకి మారింది. జ్వరం మాత్రం మన ఇళ్ళల్లో ఇంకా ఫారెన్‌హీట్‌లోనే ఉంది.

ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురుపడనంతకాలం ఇబ్బందేమీ లేదు. ఎదురుపడితే ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను. అందుకే ఈరోజు ఈ విషయం ఎత్తుకున్నాను.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె. పదో తరగతిలో నా సబ్జెక్టులో మంచి మార్కులు తెచ్చుకుంది. పెళ్ళయింది, ఒక బిడ్డ తల్లి. ఒక రాత్రి మూడేళ్ళ బిడ్డకి ఒళ్ళు కాలిపోతా ఉంటే థర్మామీటర్ పెట్టింది. పాత పాదరసం గొట్టం కాదు, బ్యాటరీతో నడిచేది. 39.4 అని చూపించింది. ఆమెకి తెలిసిన జ్వరం వంద దగ్గర మొదలవుతుంది. 39 అనే అంకె ఆమె కంటికి జ్వరం మాదిరి కనపడలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అంతే. ఇది చెడిపోయిందిలే అని పక్కన పడేసింది. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం అనుకుని పడుకుంది. తెల్లవారుజామున బిడ్డకి ఫిట్స్ వచ్చినాయి. ఆటోలో ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. బిడ్డ కోలుకున్నాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు. ఆ తర్వాత ఆమె ఆ థర్మామీటర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. అది చెడిపోలేదు. బటన్ ఎక్కువసేపు నొక్కిపెడితే ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కి మారిపోయే రకం. ఆ రాత్రి బిడ్డ ఒంట్లో ఉన్నది దాదాపు 103 డిగ్రీల జ్వరం.

ఆ అమ్మాయికి సూత్రం తెలియదా అంటే తెలుసు. నేనే చెప్పాను. పరీక్షలో రాసింది, నేనే మార్కులు వేశాను. ఎఫ్‌లోంచి ముప్ఫైరెండు తీసెయ్యి, అయిదుతో హెచ్చవెయ్యి, తొమ్మిదితో భాగించు. కాగితం మీది ఆ సూత్రం అర్ధరాత్రి బిడ్డ పక్కన గుర్తుకు రాలేదు. ఆ తప్పు ఆమెది కాదు. మార్కుల కోసం నేర్పితే మార్కులకే పనికొచ్చింది. ఆ థర్మామీటర్ చేతిలో పట్టుకుని కూర్చున్న రోజు నుంచి ఈ పాఠాన్ని ఎట్లా చెప్పి ఉండాల్సింది అని ఆలోచిస్తానే ఉన్నాను. ఈరోజు మీకు చెప్పబోయేది అట్లా ఆలోచించి మార్చుకున్న పాఠం.

వడ్ల లెక్కతో మొదలుపెడదాం. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఏ రైతునైనా అడగండి, మూడు పుట్లు ఎన్ని కిలోలు అని. 2550 అని అడిగినంతలో చెప్తాడు. ఆయనకి ఎవరూ సూత్రం నేర్పలేదు. ఎందుకంత సులువు? అందులో ఉన్నది ఒక్క హెచ్చవేతే. సున్న పుట్లంటే సున్న కిలోలే. రెండు కొలతలూ ఒకేచోట మొదలవుతాయి, ఒకదాని అడుగు పెద్దది, ఇంకోదాని అడుగు చిన్నది.

ఇంకో లెక్క. ఉగాదికి పంచాంగం తెరిస్తే శాలివాహన శకం అని ఉంటుంది. దానికి 78 కలిపితే మనం రోజూ రాసుకునే సంవత్సరం వస్తుంది. శకం 1947 మొదలైంది 2025లో. ఇక్కడ హెచ్చవేత లేదు. ఏడాది పొడుగు రెండింట్లోనూ ఒకటే, లెక్క మొదలుపెట్టిన చోటు మాత్రం వేరు. అందుకని ఒట్టి కూడిక.

సెల్సియస్‌కీ ఫారెన్‌హీట్‌కీ మధ్య ఈ రెండు తేడాలూ కలిసి వచ్చాయి. అడుగు పొడుగూ వేరే, మొదలైన చోటూ వేరే. నీళ్ళు గడ్డకట్టే చోట సెల్సియస్ 0 అంటుంది, ఫారెన్‌హీట్ 32 అంటుంది. నీళ్ళు మరిగే చోట ఇది 100 అంటుంది, అది 212 అంటుంది. ఆ చోటు నుంచి ఈ చోటుకి సెల్సియస్ వంద అడుగులు వేస్తే ఫారెన్‌హీట్ 180 అడుగులు వేస్తుంది. వందకి నూటఎనభై అంటే అయిదుకి తొమ్మిది. సెల్సియస్ ఒక్క డిగ్రీ ఎక్కితే ఫారెన్‌హీట్ 1.8 డిగ్రీలు ఎక్కుతుంది. కాబట్టి సెల్సియస్ నుంచి పోయేటప్పుడు పుట్టి మాదిరి హెచ్చవేసి, శకం మాదిరి కలపాలి. 1.8తో హెచ్చవేయడం, 32 కలపడం. సూత్రమంతా ఇంతే.

(సభలో ఒక అబ్బాయి: సార్, సున్న దగ్గర మొదలుపెట్టకుండా ముప్ఫైరెండు ఎందుకు పెట్టారు?)

మంచి ప్రశ్న నాయనా. నన్ను ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. దీనికి జవాబు ఒక మనిషి కథలో ఉంది. డేనియల్ గాబ్రియల్ ఫారెన్‌హీట్ 1686లో బాల్టిక్ సముద్రం ఒడ్డున డాన్‌జిగ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది, గ్డాన్‌స్క్ అంటారు. పదిహేనేళ్ళ వయసులో అమ్మానాన్నలు విషపు పుట్టగొడుగులు తిని ఒకేరోజు చనిపోయారు. పిల్లవాణ్ణి వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపితే, అతని మనసు గాజు గొట్టాల మీదికి పోయింది. గాజు ఊది పరికరాలు చేసే పని నేర్చుకున్నాడు. 1708లో డెన్మార్క్ పోయి ఓలె రోమర్ అనే పెద్దాయన్ని కలిశాడు. వెలుతురు ప్రయాణానికి కూడా కొంత సమయం పడుతుందని 1676లో గురుగ్రహపు చందమామను చూసి తేల్చి చెప్పిన రోమరే ఈయన. ఆయన దగ్గర అప్పటికే ఒక కొలత ఉంది. అందులో మంచు కరిగే చోటు ఏడున్నర, నీళ్ళు మరిగే చోటు అరవై. ఫారెన్‌హీట్‌కి ఈ ఏడున్నరలూ పావులూ నచ్చలేదు. నాలుగుతో హెచ్చవేసి ఏడున్నరని ముప్ఫై చేశాడు, తర్వాత దాన్ని ముప్ఫైరెండుకి సర్దాడు. మనిషి ఒంటి వేడిని 96 అన్నాడు. 96లోంచి 32 తీస్తే 64. అరవైనాలుగుని సగం, దాన్ని మళ్ళీ సగం, అట్లా ఆరుసార్లు సగం చేస్తే ఒక్క డిగ్రీ గీత వస్తుంది. గాజు గొట్టం మీద చేత్తో గీతలు గీసే పనివాడికి సగం చేయడం కంటే సులువైనది ఏముంటుంది?

ఆయన సున్న ఎక్కడ? 1724లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన పత్రంలో చెప్పాడు. మంచు, నీళ్ళు, నవాసాగరం కలిపిన ముద్దలో వచ్చే చల్లదనం. నవాసాగరం మీ అవ్వలకి తెలుసు. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ళు గిన్నె కాల్చి, తెల్లటి పొడి చల్లి దూదితో రుద్దేవాళ్ళే, పొగ గుప్పున లేచేది, ఆ పొడే. మంచులో అట్లాంటి లవణం ఏది కలిపినా మంచు కరుగుతూ ఇంకా చల్లబడుతుంది. కుల్ఫీ బండిలో డబ్బాల చుట్టూ పోసిన ఐసులో ఉప్పు వేసేది ఇందుకే. ఒట్టి ఐసుకి పాలు గడ్డకట్టవు, ఉప్పు పడితే కడతాయి. ఫారెన్‌హీట్ సున్న మన లెక్కలో మైనస్ 17.8 సెల్సియస్. ఆయన పోయిన తర్వాత వచ్చినవాళ్ళు మంచుకి 32, మరిగే నీళ్ళకి 212 అని ఆ రెండు చోట్లనీ ఖాయం చేశారు. ఆ సర్దుబాటులో ఒంటి వేడి 96 నుంచి కొంచెం పైకి జరిగింది.

సెల్సియస్ కథ చిన్నది. ఆండర్స్ సెల్సియస్ స్వీడన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1742లో వంద భాగాల కొలత చెప్పాడు. చెప్పింది తలకిందులుగా. నీళ్ళు మరిగే చోటు సున్న, గడ్డకట్టే చోటు వంద. ఆ లెక్కే ఉండి ఉంటే నిన్నటి మన ఎండ 56 అయ్యేది, ఎండ ముదిరేకొద్దీ అంకె తగ్గేది. 1744లో ఆయన చనిపోయాక దాన్ని తిప్పి పెట్టారు. మేము చదువుకునేటప్పుడు సెంటీగ్రేడ్ అనేవాళ్ళం. దానికి సెల్సియస్ అనే పేరు 1948లో ఖాయమైంది.

ఇప్పుడు నోటిలెక్క. కాగితం, కలం వద్దు. సెల్సియస్ అంకెని రెట్టింపు చేయండి. వచ్చినదాంట్లో పదోవంతు తీసేయండి. 32 కలపండి. ఇది ఉజ్జాయింపు కాదు, అచ్చంగా సరిపోయే లెక్క, ఎందుకంటే రెండులోంచి పదోవంతు తీస్తే 1.8. నిన్నటి 44 తీసుకుందాం. రెట్టింపు 88. పదోవంతు 8.8 తీస్తే 79.2. ముప్ఫైరెండు కలిపితే 111.2. ఆ బిడ్డ జ్వరం చూడండి. 39.4కి రెట్టింపు 78.8. పదోవంతు కొంచెం తక్కువ 8. తీస్తే 71 దగ్గర. ముప్ఫైరెండు కలిపితే 103. అర్ధరాత్రి నిద్రమత్తులో కూడా చేయచ్చు.

వెనక్కి రావాలంటే ముందు 32 తీసేయాలి, తర్వాత సగం చేయాలి, తర్వాత పోగొట్టుకున్న వంతుని మళ్ళీ కలుపుకోవాలి. ఇక్కడ చాలామంది పదోవంతు కలిపి ఊరుకుంటారు. అది చాలదు. ఎందుకో చూడండి. పది బస్తాల్లో పదోవంతు కింద ఒక బస్తా ఇచ్చేస్తే తొమ్మిది మిగులుతాయి. తొమ్మిదిని మళ్ళీ పది చేయాలంటే కలపాల్సింది ఒక బస్తా, అంటే ఉన్నదాంట్లో తొమ్మిదోవంతు. కాబట్టి సగం చేసినదానికి తొమ్మిదోవంతు కలపండి. 102 జ్వరం ఉంది. ముప్ఫైరెండు తీస్తే 70. సగం 35. అందులో తొమ్మిదోవంతు మూడుకి పైన, నాలుగుకి కాస్త తక్కువ. మొత్తం 38.9. తొమ్మిదోవంతు చేయడం కష్టమైతే పదోవంతు, దాని పదోవంతు కలపండి. మూడున్నర, దాని పదోవంతు 0.35. ముప్ఫై అయిదుకి కలిపితే 38.85. జ్వరానికి ఆ మాత్రం చాలు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి పిల్లలకి ఒక ముచ్చట చెప్తాను. అయిదో ఎక్కంలోని సెల్సియస్ అంకెలు వరసగా చెప్పండి, నేను ఫారెన్‌హీట్ చెప్తాను. సున్నకి 32. అయిదుకి 41. పదికి 50. పదిహేనుకి 59. ఇరవైకి 68. ఇరవైఅయిదుకి 77. ముప్ఫైకి 86. ముప్ఫైఅయిదుకి 95. నలభైకి 104. నలభైఅయిదుకి 113. ఇప్పుడు ఒక్కోదాంట్లో అంకెలు కలపండి. మూడు, రెండు అయిదు. నాలుగు, ఒకటి అయిదు. అయిదు, సున్న అయిదు. అయిదు, తొమ్మిది పద్నాలుగు, ఒకటి, నాలుగు అయిదు. చివరిదాకా చూడండి, అన్నీ అయిదే. మరిగే నీళ్ళు 212, అదీ అయిదే. ఒకోసారి తొమ్మిదే పెరుగుతోంది గదా, తొమ్మిది కలిపితే, అట్లా అంకెలు కలుపుకుంటూ పోతే చివరికి మిగిలే ఒంటి అంకె మారదు. మొదలైన 32లో ఉన్న అయిదు చివరిదాకా వెంట వస్తుంది. నాకు ఇంత వయసు వచ్చినా ఈ వరస చెప్తుంటే సంతోషంగానే ఉంటుంది.

ఈ వరసలో ఒక్క జత మాత్రం ఇంటికి పట్టుకుపోండి. నలభైకి నూటనాలుగు.

40 అంటే మనకి ఏంది? మే నెలలో మామూలు ఎండ. ‘ఈరోజు నయమే, నలభై’ అంటాం. 104 అంటే? ఒళ్ళు తెలియని జ్వరం. ఆ రెండూ ఒకే వేడి. బయట గాలి 40 ఉన్నరోజు మన చుట్టూ ఉన్న గాలికంతా నూటనాలుగు జ్వరం ఉన్నట్టు. నిన్న 111. మన ఒంట్లో సహజంగా ఉండాల్సింది 37. గాలి 37 కంటే చల్లగా ఉన్నంతసేపు ఒంట్లో వేడి దానంతట అదే బయటికి పోతుంది. గాలి 37 దాటితే వేడి ఎదురు తిరుగుతుంది, బయట నుంచి ఒంట్లోకి వస్తుంది. ఫ్యాను వేసినా వడగాలే తగుల్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి చెమట ఒక్కటే. అది కూడా చెమట ఆరితేనే. కారడం వేరు, ఆరడం వేరు. పొడిగాలి ఉన్న ఊళ్ళల్లో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. మన తీరంలో గాలి నిండా సముద్రపు తేమ. చెమట ధారలు కట్టి కారిపోతుంది గానీ ఆరదు. కారిపోయిన చెమటతో ఒళ్ళు చల్లబడదు. నీళ్ళూ ఉప్పూ నష్టమే. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గానీ వడగాలుల మాట ఎత్తదు, తీరప్రాంతాలకి మాత్రం 37 డిగ్రీల నుంచే లెక్కలోకి తీసుకుంటుంది.

మనకి మధ్యాహ్నం తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగితే బతికిపోతాం. పడమటి గాలి గట్టిగా కొట్టిన రోజు సముద్రపు గాలి లోపలికి రాలేదు, వచ్చినా పొద్దుగూకే వేళకి వస్తుంది. అట్లాంటి రోజుల్లోనే అంకె నలభైనాలుగు, నలభైఅయిదు పోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు అన్నది ఆ రోజుల గురించే.

ఆ ఎండలో పనిచేస్తూ మనిషి ఒంట్లో వేడి 40కి, అంటే 104కి చేరి, మాట తడబడి, తికమకగా ఉంటే అది వడదెబ్బ. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, ఆశా కార్యకర్తలు ఉన్నారు గదా, వాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళూ వినండి. జ్వరంలో 104కీ వడదెబ్బలో 104కీ అంకె ఒకటే, కారణం వేరు. జ్వరంలో మెదడే, సూక్ష్మజీవులతో పోరాటానికి, ఒంటి వేడి పెంచమని ఆజ్ఞ ఇస్తుంది. జ్వరం మాత్ర ఆ ఆజ్ఞని వెనక్కి తీసుకునేట్టు చేస్తుంది. వడదెబ్బలో మెదడు ఏ ఆజ్ఞా ఇవ్వలేదు, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. అందుకని వడదెబ్బకి జ్వరం మాత్ర పనిచేయదు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసిరి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

జ్వరం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 98.6 అనే అంకె అందరికీ కంఠతా వచ్చు. ఆ పాయింట్ ఆరు చూస్తే ఎంత కచ్చితంగా కొలిచారో అనిపిస్తుంది. అది కొలిచి తెచ్చిన పాయింట్ ఆరు కాదు. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో వుండర్లిష్ అనే డాక్టరు వేలమంది రోగుల ఒంటివేడి కొలిచి, 1868లో పుస్తకం వేసి, సగటు 37 సెల్సియస్ అన్నాడు. 37ని మార్చండి. రెట్టింపు 74, పదోవంతు 7.4 పోతే 66.6, ముప్ఫైరెండు కలిపితే 98.6. ఆ పాయింట్ ఆరు లెక్కలోంచి వచ్చింది. ఒంటివేడి పొద్దున తక్కువ, సాయంత్రం కొంచెం ఎక్కువ ఉంటుంది. 99 చూపించిందని సాయంత్రం పూట బెంబేలు పడక్కర్లేదు. డాక్టర్లు జ్వరం అనేది 100.4 నుంచి. అది కూడా ఎక్కడిదో ఇప్పుడు మీరే చెప్పగలరు. అవును, 38 సెల్సియస్. 38కి 100.4, 39కి 102.2, 40కి 104. మూడు జతలు. మీ థర్మామీటర్ డబ్బా మూత లోపల రాసి అతికించుకోండి.

రొయ్యల రైతులు ఇందాకటి నుంచి ఓపిగ్గా కూర్చున్నారు. మీకు కావాల్సింది వేరే. గుంటలో నీటివేడి 28 నుంచి 32 మధ్య ఉంటే వనామి రకం రొయ్యకి బాగుంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు భయపడేది వేడికంటే మార్పుకి. రాత్రి వాన పడి 30 ఉన్న నీళ్ళు 26కి దిగితే మేత తగ్గించేస్తారు. ఆ నాలుగు డిగ్రీల తగ్గుదల ఫారెన్‌హీట్‌లో ఎంత? రెట్టింపు 8, పదోవంతు తీస్తే 7.2. ఆగండి. ముప్ఫైరెండు కలపకూడదు. కలిపితే 39.2 అవుతుంది, అంత తగ్గితే గుంటలో ఒక్క రొయ్య కూడా మిగలదు.

ఎందుకు కలపకూడదు? శకం లెక్క గుర్తుతెచ్చుకోండి. ఒక మనిషికి యాభై ఏళ్ళంటే శాలివాహన శకంలోనూ యాభై ఏళ్ళే. వయసుకి 78 కలుపుతామా? పుట్టిన సంవత్సరానికి కలుపుతాం, వయసుకి కలపం. వయసు రెండు సంవత్సరాల మధ్య తేడా. అట్లాగే వేడి ఎంత ఉంది అన్నప్పుడు 32 కావాలి, ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నప్పుడు 32 వద్దు. హేచరీలో విదేశం నుంచి వచ్చిన ఒక హీటర్ ఉందనుకోండి. తేడా అయిదు ఫారెన్‌హీట్ మించకూడదని దాని కాగితంలో రాసి ఉంది. సూత్రం బట్టీపట్టినవాడు అయిదులోంచి ముప్ఫైరెండు తీసి మైనస్ 15 అంటాడు. అసలు జవాబు 2.8 డిగ్రీలు. పిల్ల రొయ్యలకి ఇది చావు బతుకుల లెక్క. భూమి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కుతుందని వింటున్నాం గదా, దాన్ని మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఒకటిన్నర సెల్సియస్ పెరుగుదల అంటే 2.7 ఫారెన్‌హీట్. 34.7 కాదు.

ఇంకెవరికైనా సందేహాలు ఉంటే అడగండి.

(ఒక పెద్దాయన: మా అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసి అక్కడ ఇరవై డిగ్రీలు అన్నది. అదంత చలా అయ్యా?)

చలే. అక్కడ వాళ్ళు ఇంకా ఫారెన్‌హీట్‌లోనే చెప్తారు. ఇరవై అంటే ముప్ఫైరెండు కంటే తక్కువ, అంటే వీధిలో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. మన లెక్కలో మైనస్ 6.7. మీరు ఇక్కడ నలభైరెండు అని చెప్తే ఆ అమ్మాయి పక్కన ఉండే అమెరికా వాళ్ళు స్వెట్టర్ వేసుకునే చలి అనుకుంటారు. ఇంకా చల్లటి ఊళ్ళల్లో ఒక విచిత్రం ఉంది. మైనస్ నలభై దగ్గర రెండు కొలతలూ కలుస్తాయి. మైనస్ నలభై సెల్సియస్ అన్నా, ఫారెన్‌హీట్ అన్నా ఒకటే చలి. లెక్క చూడండి, మైనస్ 80, పదోవంతు పోతే మైనస్ 72, ముప్ఫైరెండు కలిపితే మైనస్ 40. ఆ కలిసే చోటుని పాదరసం థర్మామీటర్ మాత్రం చూపించలేదు. మైనస్ 38.8 దగ్గరే పాదరసం గట్టిపడి గొట్టంలో ఆగిపోతుంది. అక్కడ ఆల్కహాల్ పోసిన థర్మామీటర్ కావాలి.

(ఒక అమ్మాయి: యూట్యూబ్‌లో చూసి కేక్ చేస్తుంటే 350 డిగ్రీలు అన్నారు సార్. మా ఓవెన్‌లో 250 దాకానే ఉంది. చివరిదాకా తిప్పి పెట్టాను, పైనంతా మాడి లోపల పిండి పిండిగా ఉండిపోయింది.)

నువ్వే చెప్పగలవమ్మా. 350లో ముప్ఫైరెండు తియ్యి. 318. సగం 159. తొమ్మిదోవంతు? దాదాపు 18. కలిపితే 177. ఓవెన్ ముల్లుని 180 కంటే కొంచెం కింద పెట్టు. చూశావా, నువ్వు పెట్టిన 250 అంటే 482 ఫారెన్‌హీట్. మాడకేం చేస్తుంది!

(ఇందాకటి అబ్బాయి: సార్, మైనస్ నలభై దగ్గర రెండూ ఒకటే అయినాయి గదా. ఒకటి ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు అయ్యే చోటు ఉందా?)

ఇటు రా నాయనా. సుద్దముక్క తీసుకో. నేను చెప్పను, నువ్వే కనుక్కుంటావు. ఇందాకటి నోటిలెక్కలో మొదట ఏం చేశాం? రెట్టింపు చేశాం. తర్వాత? పదోవంతు తీశాం, ముప్ఫైరెండు కలిపాం. చివరికి వచ్చింది ఆ రెట్టింపే కావాలంటే తీసిందీ కలిపిందీ ఎట్లా ఉండాలి?

(అబ్బాయి: సమానంగా ఉండాలి. పదోవంతు ముప్ఫైరెండు కావాలి. అంటే రెట్టింపు 320. సెల్సియస్ 160.)

చూశారా అమ్మా, సూత్రం రాయకుండా కనుక్కున్నాడు. 160 సెల్సియస్, 320 ఫారెన్‌హీట్. మన కాజాలు వేగే నూనె వేడి దగ్గరదగ్గర అంత ఉంటుంది. కూర్చో నాయనా, బాగా చెప్పావు.

ఇప్పుడు థర్మామీటర్లు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి రండి. ముందు తెర మీద మూలన సి అని ఉందో ఎఫ్ అని ఉందో చూద్దాం. తర్వాత బటన్ నొక్కిపెట్టి మారుతుందో లేదో చూద్దాం. మారేదైతే ఎఫ్‌లో పెట్టి ఇస్తాను. ఆ కాగితం ముక్కలు ఇటివ్వమ్మా, మూడు జతలూ రాసి డబ్బాల్లో అతికిద్దాం.